చదివినది చెప్పుకొందాము

(శతవార్షికోత్సవ కూడికలలో సంఘ చదువరుల బృందము పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



మాకు ముందు మాట్లాడినవారు గుడుల గూర్చి, బడుల గూర్చి, ఆసుపత్రుల గూర్చి, వాటి కొరకు శ్రమపడిన వారి గూర్చి చెప్పారు. నూరేండ్ల పండుగలో చెప్పవలసిన మాటలే అవి. మాకు ఇచ్చిన అంశము మాత్రము చాలా చిన్నది. "మీరు ఇప్పుడు ఏ పుస్తకములు చదువుతున్నారు? చదివితే మీకు ఏమనిపించినది?" అని కమిటీవారు అడిగారు. చిన్న ప్రశ్నే గాని, దీనికి జవాబు చెప్పబోతే మన సంఘములో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో, ఎవరి మనస్సులో ఏమున్నదో బయటపడుతుంది. ఆ సంగతి మాకు ఈ రెండేండ్లలో తెలిసివచ్చినది. దానినే మీతో పంచుకొనుటకు వచ్చాము.

మేము పద్నాలుగురము. విశ్రాంత ఉపాధ్యాయులు ఇద్దరు, ఒక నర్సు, బ్యాంకులో క్యాషియరుగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్న ఒకరు, కుట్టుపని చేసే తల్లులు ఇద్దరు, ఒక ఎలక్ట్రీషియను, కళాశాల విద్యార్థులు నలుగురు, గురువుగారి భార్య, కంటిచూపు తగ్గిన ఒక పెద్దాయన, అసలు అక్షరములే రాని ఒక మామ్మగారు. నెలలో రెండవ శనివారము సాయంకాలము గుడి ప్రక్కనున్న హాలులో కూర్చుంటాము. ఒక్కొక్కరు మూడు సంగతులు చెప్పవలెను. ఏ పుస్తకము పట్టుకొన్నారు, ఎన్నవ పేజీలో ఉన్నారు, అది మిమ్మల్ని ఏమి చేసినది. పుస్తకము పూర్తి కాకపోయినా ఫరవాలేదు. పది పేజీలు చదివి విసుగు పుట్టి మూసివేశామన్నా ఫరవాలేదు, ఎందుకు మూశారో చెప్పితే చాలు. "చాలా మంచి పుస్తకము, అందరు చదువవలెను" అని మాత్రము అనకూడదు. ఆ మాటతో సంభాషణ అక్కడే ఆగిపోతున్నదని మొదటి మూడు నెలలలోనే చూచాము.

చదువుట ఒంటరి పని గదా, దానికి ఈ కూడిక ఎందుకని అడిగినవారు ఉన్నారు. యెరూషలేము నుండి తిరిగి పోతూ రథములో కూర్చొని ప్రవక్త గ్రంథము చదువుకొన్న ఐతియొపీయ ఉద్యోగస్థుని కథ మనకందరికి తెలుసు. ఆయనకు చదువు ఉన్నది, చేతిలో గ్రంథము ఉన్నది, తీరిక ఉన్నది. లేనిదల్లా ప్రక్కన కూర్చుని మాట్లాడే మనిషి. ఫిలిప్పు పరుగెత్తి వచ్చి అడిగిన తరువాతనే ఆ చదువు ముందుకు సాగినది. మన తెలుగు దేశములో కూడ చదువు చాలాకాలము అట్లే సాగినది. 1914లో బెజవాడలో గ్రంథాలయ సభ జరిపి, అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారు ఊరూరా పఠన మందిరములకు పాటుపడిన రోజులలో, పేపరు చదివేవాడు ఒక్కడు, అరుగు మీద వినేవారు పదిమంది. 1935లో కృష్ణా కాలువలో పడవ మీద కూడ గ్రంథాలయము నడిపారు. రేవు దగ్గర పడవ ఆగితే రైతులు, కూలీలు వచ్చి పుస్తకములు తీసుకొనేవారు. అక్షరము రానివారు చదువగలవారి నోట వినేవారు. మా మామ్మగారు బృందములో ఎందుకు ఉన్నారో దీనివలన మీకు అర్థమగును.

ఇక మా బల్ల మీదనున్న పుస్తకముల సంగతి.

మొదటిది మీలో చాలామంది ఇండ్లలో ఉన్నదే, జాన్ బన్యను వ్రాసిన యాత్రికుని ప్రయాణము. బన్యను 1628లో ఇంగ్లండులో బెడ్‌ఫర్డు దగ్గర పుట్టినవాడు. పాత పాత్రలకు మాట్లు వేసే వృత్తి. అనుమతి లేకుండ బోధించినాడని 1660 నుండి పన్నెండు సంవత్సరములు జైలులో ఉంచారు. ఈ పుస్తకము మొదటి భాగము 1678లో అచ్చయినది. చెరసాలకు, పుస్తకములకు ఏదో చుట్టరికము ఉన్నది. పౌలు చెరలో ఉండి తిమోతికి వ్రాస్తూ అంగీతోపాటు పుస్తకములు కూడ తెమ్మన్నాడు. ఉన్నవ లక్ష్మీనారాయణగారు మాలపల్లి నవలను జైలులో ఉండగా వ్రాశారు. అది 1922లో వెలువడితే ఆనాటి ప్రభుత్వము నిషేధించినది.

మా పెద్దాయన యాత్రికుని ప్రయాణమును చిన్నతనములో వారి తండ్రిగారి నోట విన్నారట. అప్పుడు అది ఆయనకు సాహస కథ. రాక్షసుడు, కోట, సింహములు, ఊబి. ఇప్పుడు ఎనభై దాటిన తరువాత మనుమరాలు చదువుతుండగా వింటున్నారు. ఈసారి ఆయన మనస్సు నిలిచినది నిరాశ అనే రాక్షసుని కోటలో. బందీలుగా పడియున్నవానికి, తాళపుచెవి తన రొమ్మునందే ఉన్నదని ఆలస్యముగా జ్ఞాపకము వస్తుంది గదా, ఆ చోట. "చిన్నప్పుడు వీడెంత మతిమరపువాడు అని నవ్వేవాణ్ణి. మా ఇంటిది పోయిన తరువాత ఆ కోటలో నేనే ఎనిమిది నెలలు ఉన్నాను" అన్నారు.

అదే పుస్తకమును కుట్టుపని చేసే తల్లి ఒకరు చదివారు. ఆమెకు తట్టినది పూర్తిగా వేరు. యాత్రికుడు వీపు మీద బరువుతో బయలుదేరుతుంటే భార్యాపిల్లలు వెనుకకు రమ్మని కేకలు వేస్తారు, అతడు చెవులు మూసుకొని పరుగెత్తుతాడు. ఆమె పుస్తకమును బల్ల మీద పెట్టి, "ఆ రాత్రి ఆ ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగించారు?" అని అడిగారు. ఇది ఉపమానమమ్మా, అక్షరాలా తీసుకోకూడదని మా ఉపాధ్యాయులు నెమ్మదిగా చెప్పారు. "ఉపమానమే గావచ్చు. మా ఆయన ఉపమానము కాదు గదా" అని ఆమె జవాబు. ఆమె భర్త ఇల్లు విడిచిపోయి తొమ్మిదేండ్లయినదని మాలో చాలామందికి తెలుసు. కాని దానిని గూర్చి ఆమె నోరు తెరచుట అదే మొదటిసారి. ఆ తరువాత గురువుగారి భార్య, బన్యను 1684లో రెండవ భాగము వ్రాసినాడనియు, అందులో ఆ భార్యయే తన బిడ్డలను వెంటబెట్టుకొని అదే దారిన బయలుదేరుననియు చెప్పారు. ఇప్పుడు ఆ తల్లి చేతిలో రెండవ భాగమున్నది. ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు కలిసి నడుస్తున్నారు గనుక ఈ ప్రయాణము మెల్లగా సాగుతున్నదనియు, తనకు అదే నచ్చినదనియు పోయిన నెల చెప్పారు.

రెండవది కందుకూరి వీరేశలింగముగారి రాజశేఖర చరిత్రము. వివేకవర్ధనిలో ధారావాహికగా వచ్చి 1880లో పుస్తకమైనది. ఆలివర్ గోల్డుస్మిత్ 1766లో ప్రచురించిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు అనే నవల దీనికి ప్రేరణ. అందులో కథానాయకుడు ఒక గ్రామ పాదిరి, ఆయన భార్య, బిడ్డలు. వీరేశలింగముగారు ఆ విత్తనము తెచ్చి ధవళేశ్వరములో నాటారు. పాదిరిగారి స్థానములో రాజశేఖరుడుగారు వచ్చారు. తమాషా ఏమంటే, ఈ తెలుగు నవలను హచిన్‌సన్ అనే మిషనరీ మరల ఇంగ్లీషులోనికి మార్చగా 1887లో ఫార్చ్యూన్స్ వీల్ అను పేర అచ్చయినది. ఇంగ్లీషు ఇంటి నుండి వచ్చిన బిడ్డ తెలుగు చీర కట్టుకొని పుట్టింటికి పోయినట్లయినది.

మా క్యాషియరుగారు ఈ నవలలో బైరాగి దగ్గర ఆగిపోయారు. బంగారము చేసి ఇస్తానని నమ్మించి, ఇంటిలోనున్న వెండి బంగారములు తెప్పించి, వాటితో ఉడాయించిన బైరాగి. "నేను ముప్పదియారు సంవత్సరములు కౌంటరులో కూర్చున్నాను. ఈ బైరాగి ఎన్నిసార్లు నా కిటికీ ముందుకు వచ్చాడో" అన్నారు. రెట్టింపు చేసి ఇస్తామన్న స్కీములు, తెల్లవారేసరికి తాళము వేసుకొన్న చిట్టీలు, ఇప్పుడు ఫోనులో వచ్చే బహుమతి కబుర్లు. వేషము మారినది, మాట మారలేదు. ఆయన ఒక్క ప్రశ్న మాత్రము మా అందరి ముందు ఉంచారు. రాజశేఖరుడుగారు మూర్ఖుడు కాడు, చదువుకొన్నవాడు, పదిమందికి పెట్టినవాడు. మరి ఎట్లు నమ్మినాడు? దాని మీద గంటన్నర మాట్లాడుకొన్నాము. కూతురి పెండ్లి ముందున్నవాడు, అప్పున్నవాడు, నలుగురిలో తగ్గకూడదనుకొనేవాడు నమ్ముటకు సిద్ధముగా ఉంటాడని తేలినది. మాటల మధ్యలో మా విద్యార్థి ఒకడు, తన ఫోనుకు వచ్చిన ఒక ఉద్యోగపు కబురును తీసి క్యాషియరుగారికి చూపించాడు. ముందుగా పదిహేను వేలు కట్టమన్నారట. కట్టలేదు. నూట నలుబది ఏండ్లకు పైబడిన నవల ఆ కుర్రవాని పదిహేను వేలు మిగిల్చినదని మేము ఇప్పటికీ నవ్వుకొంటాము.

సండే స్కూలు పిల్లలతో కలిసి చదివినది టాల్‌స్టాయి 1885లో వ్రాసిన చెప్పులు కుట్టే మార్టిను కథ. మార్టిను ఇల్లు నేలమాళిగలో ఉంటుంది. కిటికీలో నుండి వీధిలో పోయేవారి కాళ్ళు మాత్రమే కనబడతాయి. బూట్లను బట్టి మనుష్యులను గుర్తుపడతాడు, ఎందుకంటే వాటిలో చాలా భాగము ఆయన బాగుచేసినవే. ప్రభువు వస్తాడని ఎదురుచూచిన ఆ దినమున, మంచు ఎత్తే ముసలివానికి తేనీరు ఇస్తాడు, చలిలో బిడ్డతోనున్న తల్లికి అన్నము, కోటు ఇస్తాడు, ఆపిలు పండ్లు అమ్మే ముసలమ్మకు, పండు దొంగిలించిన పిల్లవానికి మధ్య తగవు తీరుస్తాడు. కథలోని నీతి పెద్దలమైన మాకు ముందే తెలుసు గనుక మేము దానిని గూర్చి చెప్పబోయాము. అంతలో ఆరవ తరగతి చదివే ఒక పాప, "మన గుడి బయట చెప్పులు చూచి లోపల ఎవరున్నారో నేనూ చెప్పగలను" అన్నది. మరుసటి ఆదివారము నిజముగానే చెప్పినది. అంతేకాదు, మూడు వారముల నుండి ఫలానా నీలిరంగు హవాయి చెప్పులు రాలేదని కూడ చెప్పినది. విచారిస్తే, వెనుక వరుసలో కూర్చునే ఒక పెద్దమ్మ తుంటి ఎముక విరిగి మంచాన పడియున్నదని తెలిసినది. మా బృందములో ఇద్దరు అప్పటి నుండి వారమునకొకసారి వెళ్ళి ఆమెకు చదివి వినిపించుచున్నారు. పిల్లలు కథలో నీతి వెదకరు, పని వెదుకుతారు. ఇది ఆ పాప వలన మాకు తెలిసినది.

నాలుగవది జాషువాగారి గబ్బిలము. గుఱ్ఱము జాషువాగారు 1895లో వినుకొండలో పుట్టారు. ఒకవైపు కులము చూచి దూరముంచినవారు, మరియొకవైపు ఈ పురాణములు, కావ్యములు నీకెందుకని కోపించిన స్వజనులు. ఆ రెండింటి మధ్య నిలిచి వ్రాసిన కవి ఆయన. గబ్బిలము 1941లో వచ్చినది. క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి లభించినది. 1971లో కన్నుమూశారు. కాళిదాసు యక్షుడు మేఘముతో ప్రియురాలికి కబురు పంపితే, జాషువాగారి కథానాయకుడు, ఆకలితోనున్న అంటరానివాడు, గబ్బిలముతో శివునికి కబురు పంపుతాడు. గుడిలోనికి మనిషిని పోనివ్వనివారు గబ్బిలమును ఆపరు గదా.

ఈ పుస్తకము పట్టుకొన్నది మా ఎలక్ట్రీషియను. పదవ తరగతితో చదువు ఆపిన యువకుడు. పద్యము గడగడా రాదు, సంధులు విడదీయలేడు. ఒక్కొక్క పాదము ఆగి ఆగి చదివాడు. మా ఉపాధ్యాయులు అర్థము చెప్పుచుండగా మధ్యలో గొంతు పట్టుకొని పుస్తకము ప్రక్కవానికి ఇచ్చివేసినాడు. తరువాత చెప్పినది ఇది. "నేను గుళ్ళకు, మసీదులకు, చర్చీలకు అన్నింటికీ వైరింగు చేశాను. కప్పు మీదికి ఎక్కి దీపాలు పెట్టాను. పని అయ్యాక క్రింద కూర్చోమన్న చోట్లు, కూర్చోమననివి, అన్నీ నాకు జ్ఞాపకమున్నాయి. కప్పు మీద ఉన్నంతసేపు నన్ను ఎవరూ ఏమీ అడగలేదు." ఆ తరువాత మాలో ఎవరమూ ఆ పుస్తకమును పాత కాలపు కావ్యమని అనలేదు. మన గుడిని ఏ చోట్లలో లెక్కించాడని మేము అడుగలేదు, అతడు చెప్పలేదు. ఆ ప్రశ్న మన అందరిది గనుక ఇక్కడ చెప్పుచున్నాము.

ఐదవ పుస్తకము దగ్గర మా బృందము చీలిపోవునేమోనని భయపడినాము. అది జి. కళ్యాణరావుగారు 2000 సంవత్సరములో వెలువరించిన అంటరాని వసంతము. రూతు అనే వృద్ధురాలు తన భర్త రూబేను కుటుంబపు తరతరాల కథను జ్ఞాపకము చేసికొనుటయే ఆ నవల. పాటలు కట్టే ఎల్లన్న, ఆయన భార్య సుభద్ర, కరువులో ఊరు విడిచిన శివయ్య. ఆ శివయ్యయే తరువాత సైమను అవుతాడు. అల్లాడి ఉమ, ఎం. శ్రీధర్ గార్ల ఇంగ్లీషు అనువాదము 2010లో వచ్చినది. మా విద్యార్థులలో ఇద్దరు ఆ అనువాదమును, తక్కినవారము తెలుగు మూలమును చదివాము.

ఈ నవలలో వచ్చే కరువు కల్పితము కాదు. 1876 నుండి 1878 వరకు దక్షిణ దేశమును కాల్చివేసిన కరువు. ఆనాడు కూలి దొరుకుటకు బకింగుహాము కాలువ త్రవ్వకము ఒక దారి. ఒంగోలులోని అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌగారు మూడున్నర మైళ్ళ త్రవ్వకము కాంట్రాక్టుకు తీసికొని వేలమందికి పని కల్పించారు. అన్నము కొరకు చేరినారన్న మాట రాకూడదని కరువు సహాయము సాగినంతకాలము బాప్తిస్మములు ఆపియుంచారు. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమే 2,222 మందికి బాప్తిస్మము జరిగినది. ఈ సంఖ్యను మనవాళ్ళు ప్రసంగములలో చాలాసార్లు విన్నారు. ఆ 2,222 మందిలో ఒక్కరి ఇంటిలో ఆ సంవత్సరమంతా ఏమి జరిగియుండునో ఈ నవల అడుగుతుంది. ఎక్కడి నుండి వచ్చారు, దారిలో ఎవరిని పోగొట్టుకొన్నారు, పేరు మారిన తరువాత ఊరిలో ఏమి మారినది, ఏమి మారలేదు.

మొదటి శనివారమే మాటలు వేడెక్కాయి. పెద్దాయన, "ఇప్పుడు ఒకే రొట్టె, ఒకే పాత్ర. ఈ పాత గాయములు ఎందుకు కెలుకుట?" అన్నారు. మా నర్సుగారు లేచి, "మా నాయనమ్మ ఒక పదము పాడేది. అందులో కాలువ, గంప, పసిబిడ్డ వస్తాయి. వాళ్ళ పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకొన్నదట. నేను లాలిపాట అనుకొనేదాన్ని. అది లాలిపాట కాదని ఈ పుస్తకము చదివాక తెలిసినది" అన్నారు. పదము పాడమంటే రెండు చరణములే గుర్తున్నాయన్నారు, కాని పాడలేదు.

అప్పుడు విద్యార్థి ఒకడు మాట్లాడాడు. "మా ఇంట్లో అందరికీ రెండేసి పేర్లు. సంఘ పుస్తకములో ఒకటి, బడి రికార్డులో ఒకటి. ఎందుకని అడిగితే, నీకెందుకు చదువుకో అన్నారు. ఆ రెండో పేరు వెనుక ఇంత కథ ఉన్నదని నాకు నవల చెప్పవలెనా? మా నాన్న చెప్పకూడదా?" ఆ తండ్రిగారు ఆ సాయంకాలము కుమారుని బండి మీద తీసుకొనిపోవుటకు వచ్చి తలుపు దగ్గర నిలబడియున్నారు. విన్నారు. ఏమియు అనలేదు. ఇద్దరు ఒకే బండి మీద వెళ్ళిపోయారు.

మరుసటి నెల ఆ కుర్రవాడు రాడేమో అనుకొన్నాము. వచ్చాడు, తండ్రిగారితో సహా. ఆయన చేతిలో మా బీరువాలోని పుస్తకము కాదు, కొత్తగా కొన్న ప్రతి. పెన్సిలుతో గీతలు గీసియున్నది. "నాకు మాట్లాడుట రాదు, చదువుతాను" అని గీత గీసిన రెండు పేజీలు చదివారు. చదివి, "మా తాత పేరు కూడ శివయ్యే. ఈ సంగతి ఇంట్లో అనుకొంటే ఊరికి తెలుస్తుందని మా అమ్మ భయము. ఆ భయము నాకు ఆస్తిగా వచ్చినది. వీనికి ఇవ్వదలచుకోలేదు" అన్నారు. కుర్రవాడు తండ్రి ప్రక్కకు కుర్చీ జరుపుకొన్నాడు. అంతకుమించి ఆనాడు ఎవరమూ మాట్లాడలేదు.

పెద్దాయన సంగతి చెప్పవలెను. ఆయన తన అభిప్రాయము మార్చుకోలేదు. గాయములు మాన్పుటకు మరుపు కూడ దేవుడిచ్చిన మందే అని నేటికి అంటారు. అయినను ఆయన, క్లౌగారి స్వీయచరిత్ర ఇంగ్లీషులో 1914లో వచ్చినదని తెలిసి, దానిని సంపాదించి మనుమరాలిచేత చదివించుకొనుచున్నారు. ఒక ప్రక్క కాలువ పని కాంట్రాక్టు తీసికొన్నవారి పుస్తకము, మరొక ప్రక్క గంప మోసినవారి వంశపు నవల. "రెండింటిలో మట్టి ఒక్కటే. ఒకరు కొలిచారు, ఒకరు మోశారు" అని పోయిన నెల అన్నారు. ఆయన ఒప్పుకొననిది ఏదో, ఒప్పుకొన్నది ఏదో ఇప్పుడు మాకు స్పష్టముగా తెలుసు. మునుపు ఒకే గుడిలో నలుబది ఏండ్లు కూర్చున్నా తెలియదు.

ప్రియులారా, ఇంతకు మేము చెప్పదలచినది ఇదే. పుస్తకము ఒకటే అయినా చదివినవారి బ్రతుకును బట్టి అది వేరు వేరు చోట్ల తగులుతుంది. ఎక్కడ తగిలినదో చెప్పుకొన్నప్పుడు ప్రక్కవారు ఎవరో మనకు తెలుస్తుంది. సంఘములో మనము ఒకరి క్షేమము ఒకరము అడుగుతాము, "బాగున్నాను" అని జవాబు వస్తుంది. "ఏమి చదువుతున్నారు, ఎక్కడ ఆగారు" అని అడిగితే ఆ జవాబు సరిపోదు. బన్యను చెరసాల, రాజశేఖరుని అప్పు, మార్టిను కిటికీ, గబ్బిలపు రెక్క, కాలువ మట్టి, ఇవి అడ్డముగా ఉన్నందున మనము మన సంగతి చెప్పుకొనుటకు ధైర్యము వస్తుంది. మొహమాటపడే మన తెలుగువారికి ఇది మంచి ఏర్పాటు.

దీనికి మేము మూడు కట్టుబాట్లు పెట్టుకొన్నాము. ఒకరు చెప్పుచుండగా దిద్దకూడదు. వ్యతిరేకించువారు ముందుగా ఒక ప్రశ్న అడిగి, జవాబు విని, ఆ తరువాతనే మాట్లాడవలెను. హాలులో విన్న ఇంటి సంగతి హాలు బయట చెప్పకూడదు. ఈ ప్రసంగములో చెప్పినవన్నియు ఆయా వ్యక్తుల అనుమతితో, పేర్లు లేకుండ చెప్పినవే.

ఒక ఆందోళన కూడ మీ ముందు ఉంచుచున్నాము. మన పిల్లలు తెలుగు మాట్లాడుతున్నారు, చదువలేకపోతున్నారు. కీర్తనలను ఇంగ్లీషు అక్షరములలో వ్రాసుకొని పాడుతున్నారు. వారి తప్పు కాదు, వారి బడులు అట్లున్నవి. కాని ఇట్లే సాగితే ఈ సంచికను వారి పిల్లలు తెరచి చూచి, బొమ్మలు మాత్రము చూచి మూసివేస్తారు. అందుచేత మా కూడికలో మొదటి పది నిమిషములు పిల్లలకు ఇచ్చాము. పెద్ద అక్షరముల పుస్తకము నుండి ఒక్కొక్కరు ఒక్కొక్క పేరా బిగ్గరగా చదువుతారు. వినేది అక్షరములు రాని మా మామ్మగారు. "కాళ్ళు" అనవలసినచోట "కాల్లు" అంటే ఆమె చేయి ఎత్తి ఆపుతారు. చదువు రాని మనిషి చదువు దిద్దుట ఏమిటని పిల్లలు మొదట నవ్వారు. ఆమె చెవిలో ఎనభై ఏండ్ల తెలుగు ఉన్నదని ఇప్పుడు వారికి తెలుసు. మామ్మగారికి ఆ పిల్లల నోటినుండి వచ్చిన ప్రతి కథ జ్ఞాపకమే. మార్టిను ఇచ్చిన కోటు కొత్తదా పాతదా అని పందెము వేస్తే ఆమెయే గెలిచారు.

పుస్తకములు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. శాఖా గ్రంథాలయములో సభ్యత్వము తీసికొనవచ్చును. మన ఇండ్లలోని బీరువాలలో, ట్రంకు పెట్టెలలో తాతల నాటి పుస్తకములు ఎన్ని ఉన్నవో వెదకండి. హైదరాబాదు పోయినవారు ఆదివారము ఆబిడ్సులో పేవ్‌మెంటు మీద చూడవచ్చును. విజయవాడ పుస్తక ప్రదర్శనకు మేము కలిసి వెళ్ళివస్తాము. ఫోనులో చదివేవారిని మేము తక్కువగా చూడము. మా బీరువాలో నూట పన్నెండు పుస్తకములున్నవి. తీసుకొన్నవారు నోటుబుక్కులో పేరు, తేదీ వ్రాసి, తిరిగి ఇచ్చునప్పుడు దాని క్రింద ఒక్క వాక్యము వ్రాయవలెను, ఇది నన్ను ఏమి చేసినదని. ఆ నోటుబుక్కు ఇప్పటికి రెండవది నడుస్తున్నది. కొందరు మా బీరువాకు వచ్చి పుస్తకము కన్న ముందు ఆ నోటుబుక్కు తిరగవేస్తున్నారు.

ఈ నూరేండ్లలో మన పెద్దలు ఏమి కట్టారో ఈ సంచికలో ఉన్నది. వారు దీపపు వెలుతురులో ఏమి చదివారో, చదివి ఎందుకు ఏడ్చారో, దేనికి నవ్వారో చాలావరకు వారితోనే పోయినది. మనము అయినా వ్రాసిపెడదాము. ప్రతి పాస్టరేటులో ఒక బీరువా, ఒక నోటుబుక్కు, నెలకొక సాయంకాలము చాలును. దీనికి ఖర్చు దాదాపు లేదు. కావలసినది వినే ఓపిక.

ఈ రాత్రి భోజనముల దగ్గర మీ ఇంట్లోవారిని అడగండి, ఏమి చదువుతున్నావని. ఏమీ చదువుటలేదంటే, మా బీరువా తాళము గురువుగారింట్లో ఉన్నది. వచ్చే రెండవ శనివారము సాయంకాలము ఆరు గంటలకు హాలులో దీపము వెలిగియుంటుంది. పుస్తకముతో రండి, పుస్తకము లేకపోయినను రండి.